జపాను ఆడవేషం

పోయిన నెల నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతుంటే ఒక కాలేజీ పిల్లోడు వచ్చి నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా నా కళ్ల ముందర వాని టీషర్టు మీద ఒక మొహం. సున్నం కొట్టినంత తెల్లటి మొహం, ముక్కు దగ్గరికి తిరిగిన రెండు నల్లగుడ్లు, చింతకాయ కొరికినట్టు బిగించిన నోరు, ముందుకు చాపిన పది వేళ్లు. నేను కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను. శిరివెళ్ల దాటినా చూస్తూనే ఉన్నాను. పాపం, ఆ పిల్లోడు సిగ్గుపడి బ్యాగు ముందుకు లాక్కున్నాడు.

"ఏందవ్వా, అట్ల చూస్తాండావ్?"

"ఆ బొమ్మ యాడిది నాయనా?"

"ఏమో అవ్వా. ఆన్‌లైన్లో తెప్పిచ్చినా. ఏదో దయ్యం బొమ్మనుకుంటా."

"దయ్యం కాదప్పా, నాటకాలాయప్ప," అన్నాను.

ముసలివాళ్లను చూసి నవ్వే నవ్వొకటి నవ్వి చెవుల్లో వైర్లు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మామూలుగా అయితే వదిలేదాన్ని కాదు. ఆ బొమ్మలు ఏ దేశానివి, ఎట్లా అచ్చు వేస్తారు అంతా చెప్పి, ఆళ్లగడ్డ చేరేలోగా వాని చేత తిరిగి అప్పజెప్పించుకునేదాన్ని. కానీ ఆ పొద్దు ఊరుకున్నాను. ఆ బొమ్మల గురించి చెప్పవలసిన రోజున చెప్పవలసిన చోట నోరు మూసుకుని, ఇప్పుడు బస్సులో ముక్కూ మొహం తెలియని పిల్లోనికి చెప్పి ఏం లాభం?

ఆ సంగతి జరిగినప్పుడు నాకు పదేళ్లో పదకొండేళ్లో. నంద్యాలలో మిషను కాంపౌండు వెనకాల సందులో మా ఇల్లు. నాయన రైసుమిల్లులో గుమాస్తా. సాయంత్రం ఆయన కంటే ముందు తవుడు వాసన ఇంట్లోకి వచ్చేది. అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. నూరుమంది పిల్లలను కంటిచూపుతో నడిపించి వచ్చి, సాయంత్రానికి ఆ చూపంతా నా ఒక్కదాని మీద పెట్టేది. అమ్మంటే నాకు చచ్చేంత భయం. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, లేకపోతే తర్వాత నేను చేసిన పని మీకు అర్థం కాదు.

కాంపౌండులో ఒక ముసలి దొరసానమ్మ ఉండేది. మా అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఓడెక్కి వచ్చిందట. మా చర్చి సంఘంలో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆమే, జ్వరమొస్తే మందు పోసింది ఆమే. ఆమె తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. పాలాయనను కూడా "నీవు పాలలో నీరు కలిపితివా?" అని అడిగేది. ఆయన చేతులు కట్టుకుని "కలిపితినమ్మా" అని ఒప్పుకునేవాడు. ఆమె ముందర అబద్ధం రాదు ఎవరికీ. ఆమె ఒక మాట అంటే సంఘంలో దానికి తిరుగు లేదు.

ఆమె తన దేశానికి పోయే ముందు సామాన్లన్నీ పంచింది. గోడ గడియారం హెడ్మాస్టరు గారికి. ఆయన బడికే కాదు, సంఘానికి కూడా పెద్ద. పేము కుర్చీ అయ్యగారికి, అంటే మా పాస్టరుకు. కుట్టుమిషను తనకే వస్తుందని అమ్మ గట్టిగా అనుకుంది. దొరసానమ్మకు కామెర్లు వచ్చినప్పుడు నెలరోజులు పథ్యం వండిపెట్టింది కదా మరి. తీరా చూస్తే అమ్మకు వచ్చింది అట్టల మధ్య పెట్టి నాడా కట్టిన మూడు జపాను కాగితం బొమ్మలు, వాటిలో ఒకటి ఆ టీషర్టు మీది మొహమే. ఇంటికొచ్చాక "వీటిని కుట్టుకుంటే రవికెలైతాయా?" అని అమ్మ రెండు రోజులు గొణిగింది. మూడో రోజు నుంచి మాత్రం ఎవరొచ్చినా "దొరసానమ్మ నాకు ప్రత్యేకంగా ఇచ్చిపోయింది" అని చూపించేది. చూపించి మళ్లీ ట్రంకుపెట్టెలో పెట్టి బీగం వేసి, బీగంచెవి నడుముకు దోపుకునేది.

ఆ బొమ్మలు ఇచ్చిన రోజు నేనూ దొరసానమ్మ ఇంట్లోనే ఉన్నాను. అమ్మ వంటగదిలో పింగాణీ సామాను గడ్డిలో చుట్టి పెడుతోంది. ముందుగదిలో దొరసానమ్మ నన్ను పిలిచి మూడో బొమ్మ నా ముందర పెట్టింది. ఫినాయిలు, కాఫీ, పాత కాగితాలు కలిసిన వాసన ఆ గదిది. బొమ్మలో నల్లటి పెద్ద కొప్పు, నుదుటి పైన ఊదారంగు గుడ్డముక్క, ఆకుపచ్చ పైబట్ట. ఒక చెయ్యి పొడుగు అంగీలోపలికి లాక్కుని ఉంటే రెండు వేళ్లే కనపడుతున్నాయి.

"చిన్నమ్మాయీ, ఈమె ఎవరు?"

"రాణి," అన్నాను.

"రాణియే. కాని స్త్రీ కాదు, పురుషుడు. నాటకములో స్త్రీ వేషము వేయువాడు. ఇతని తండ్రియు ఇదే వేషము వేసెను."

వాళ్ల అన్న జపానులో పాదిరిగా ఉండేవాడట. ఆయనను చూడబోయినప్పుడు అట్లాంటి నాటకం ఒకటి చూసిందట. ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుంటుంది, ఆ తల్లి వేషం వేసినవాడు అరవై ఏళ్ల ముసలివాడు. "నేను ముసలివానిని చూడలేదు. తల్లినే చూచితిని, ఏడ్చితిని. అది పాపము కాదు చిన్నమ్మాయీ, అది విద్య," అంది. బొమ్మలు ఎట్లా చేస్తారో కూడా చెప్పింది. చెక్క మీద చెక్కుతారట, రంగుకొక చెక్క. చెక్కకు రంగు పూసి, కాగితం పరిచి, వెనకనుంచి రుద్దుతారట. అక్కడ జనం తమకిష్టమైన వేషగాని బొమ్మ కొనుక్కుని ఇంట్లో పెట్టుకునేవాళ్లట. ఇదంతా విన్నది నేనొక్కదాన్నే. అమ్మ వంటగది నుంచి వచ్చేసరికి దొరసానమ్మ నాడా కట్టేసింది.

ఇక మామ సంగతి. మామ అంటే అమ్మ తమ్ముడు. ఆళ్లగడ్డలో బట్టలు కుట్టేవాడు. మిషను మీద కూర్చుంటే మాటలు రావు, లేస్తే ఆగవు. నెలకొకసారి దారాలు, గుండీలు, లైనింగు గుడ్డ కొనడానికి నంద్యాలకు వచ్చేవాడు. వచ్చేటప్పుడు నాకు ఆకులో కట్టించిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చేవాడు. బస్సు కుదుపుల్లో బజ్జీలు నలిగి బొరుగుల్లో కలిసిపోయేవి. పొట్లం విప్పితే పప్పులపొడి, పచ్చిమిరప, నూనె వాసన ఇల్లంతా కమ్ముకునేది. బజ్జీలు విడిగా, ఉగ్గాని విడిగా పెట్టే హోటళ్లంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

మామ నాటకాల్లో ఆడవేషం వేసేవాడు. మామూలుగా ఆయనది బీడీ గొంతు. రాగం ఎత్తితే మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో తెలియదు. బిడ్డను పోగొట్టుకున్న రాణి వేషానికి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడనేవాళ్లు. ఆ ఊరి సెట్టి ఒకాయన నాటకాల సమాజం నడిపేవాడు. ఒకసారి ఆ సెట్టిగారి తల్లి, వేషంలో ఉన్న మామను పిలిచి పసుపూ కుంకుమా పెట్టి పంపిందట. మామూలు రోజుల్లో అదే ముసలమ్మ రవిక కొలతలు ఇవ్వాలంటే మామను వీధిలోనే నిలబెట్టి పాత రవిక పైనుంచి విసిరేసేది. ఈ మాట చెప్పి మామ పడీపడీ నవ్వేవాడు. నాకు అప్పుడు నవ్వే వచ్చింది.

మా సంఘంలో నాటకాలు నిషిద్ధం. అందులోనూ మగవాడు ఆడబట్ట కట్టకూడదని వాక్యమే ఉందని పెద్దలు అనేవాళ్లు. మామ వేషాల సంగతి వాళ్లకు తెలియక కాదు. ఆయన ఆళ్లగడ్డ చర్చిలో ఆదివారం ఆరాధనకు తప్పడు, అదీ మా సంఘం కిందిదే. పండగకు సంఘంలో అందరి బట్టలూ ఆయనే కుట్టాలి. అందుకని చూసీ చూడనట్టు పోయేవాళ్లు.

మామ ఆ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు నేను పందెం కాశాను. "ఈమె ఎవరో చెప్పు మామా, చూద్దాం." ఆయన చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని కాగితాన్ని అంచులతో పట్టుకున్నాడు.

"ఈయప్ప మగోడే," అన్నాడు.

నా పందెం పోయింది. "ఎట్ల తెలిసె నీకు?"

"చెయ్యి చూడు పాపా. అంగీ లోపలికి గుంజుకున్యాడు. మగోని చెయ్యి పెద్దది గదా, రెండు వేళ్లే చూపిస్తాండాడు. నేను కొంగులో దాస్తా, ఆయప్ప అంగీలో దాసినాడు. నెత్తి మింద ఈ గుడ్డ చూడు. ముందర తల గొరిగించుకున్యాడేమో, అది కనపడకూడదని."

"అవును మామా, దొరసానమ్మ గూడ మగోడనే చెప్పింది!" అని నేను విన్నదంతా చెప్పాను. తల్లి, పోయిన బిడ్డ, ముసలి వేషగాడు, అన్నీ.

మామ కాగితం మీదినుంచి తల ఎత్తాడు.

"దొరసానమ్మ ఏడ్చిందా? మన దొరసానమ్మ?"

"ఆమే చెప్పింది."

"పాపం కాదనిందా?"

"విద్య అనింది."

నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. ప్రతిసారీ కొత్తగా విన్నట్టే విన్నాడు. తర్వాత కాగితం తిప్పి వెనకవైపు చూసి, "రంగు ఎనక్కి దిగింది చూడు, అద్దకం చీర మాదిరి," అన్నాడు. ఆయన తన మొత్తం బతుకులో తనలాంటి పనివాణ్ని చూడడం అదే మొదటిసారి అని ఇప్పుడు నాకు అర్థమవుతుంది.

"అక్కా, ఈ ఒక్క బొమ్మ నాకియ్యి. అంగట్లో మిషను ఎదురుగా పెట్టుకుంటా," అని అమ్మను అడిగాడు.

"దొరసానమ్మ ఇచ్చింది నీ బీడీ పొగ పట్టించేకా? ఈడ పెట్టు ముందు," అంది అమ్మ.

ఆ ఎండాకాలం సెలవులకు నేను ఆళ్లగడ్డలో అవ్వ దగ్గరికి పోయాను. పొద్దున సంగటి, ఊరిబిండి పచ్చడితో తిని, మధ్యాహ్నం సెట్టిగారి చెనిక్కాయల గోడౌనుకు పరిగెత్తేదాన్ని. అక్కడే రిహార్సలు. కొత్త గోనెసంచుల వాసన, చెనిక్కాయల మట్టివాసన, హార్మోనియం తోలు వాసన. సంచులెక్కి కూర్చుని పచ్చి చెనిక్కాయలు పగలదీసి తింటూ చూసేదాన్ని. పొట్టు కింద రాలితే దొరికిపోతానని గౌను జేబులో వేసుకునేదాన్ని.

అంతకుముందు నాటకంలో బిడ్డ చచ్చిపోయిన మాట వినగానే మామ గుండెలు బాదుకుని శోకం పెట్టేవాడట. నేను చూసిన ఒక రిహార్సల్లో మాత్రం అట్లా చెయ్యలేదు. మాట విని కదలకుండా నిలబడిపోయాడు. చెయ్యి మెల్లగా కొంగులోకి లాక్కున్నాడు. రెండు వేళ్లు మాత్రం బయట ఉన్నాయి. హార్మోనియం ఆయన వాయించడం మరిచిపోయాడు. నా నోట్లో చెనిక్కాయ నోట్లోనే ఉండిపోయింది.

"ఏందప్పా ఇది? యాడ నేర్చినావ్?" అన్నాడు సెట్టి.

"జపాన్లో," అన్నాడు మామ.

గోడౌనంతా గొల్లుమంది. మామ నా వైపు చూసి కన్ను కొట్టాడు. అక్కడున్న వాళ్లలో అది నిజమని తెలిసింది మా ఇద్దరికే. అంత గర్వం నాకు తర్వాత హెడ్మిస్ట్రెస్ అయినప్పుడు కూడా కలగలేదు.

బడి తెరిచాక నంద్యాలకు వచ్చేశాను. మామకు ఆ బొమ్మ ఎట్లాగైనా ఇవ్వాలని నాకు ఒకటే తపన. అమ్మ ఇవ్వదు. మరి దానికి నకలు తీస్తే? మా బడిలో పిల్లలందరికీ ఒక విద్య వచ్చు. పేపర్లో బొమ్మకు కిరసనాయిలు రాసి, నోటుబుక్కు కాగితం మీద బోర్లించి, చెంచాతో రుద్దితే బొమ్మ దిగుతుంది. నేను అట్లా ఎందరో మంత్రులనూ, క్రికెట్టు ఆటగాళ్లనూ దించాను. రంగు వెనక్కి కూడా దిగిన కాగితం కదా, ఇది ఇంకా సులువుగా దిగుతుందనుకున్నాను. పైగా ఆ బొమ్మ పుట్టిందే రుద్దితే అని దొరసానమ్మే చెప్పింది!

ఒక శనివారం అమ్మ తలకు పోసుకుంటూ బీగంచెవి గూట్లో పెట్టింది. పెట్టె తెరిచి బొమ్మల కట్ట తీసి దాచుకున్నాను. కిరసనాయిలు సీసాకు అమ్మ గుర్తు పెట్టి ఉంచేది, తగ్గితే తెలిసిపోతుంది. అందుకని, అమ్మ హాస్టలుకు పోయాక, రాణి మొహం నిండా కొబ్బరినూనె రాశాను. రుద్దాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. తెల్లకాగితం మీదికి నూనె తప్ప ఏమీ దిగలేదు. బొమ్మ మాత్రం జిడ్డుకారుతూ, వెనక నా చెయ్యి కనపడేంత పలచబడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. తలకు పట్టిన నూనె దేంతో పోతుంది? కుంకుడుకాయతో. అమ్మ తలంటికి కొట్టిన కుంకుడు రసం చెంబులో మిగిలి ఉంది. వేన్నీళ్లు కలిపి, పళ్లెంలో పోసి, రాణిని అందులో పడుకోబెట్టి మెల్లగా రుద్దాను. నురగ మొదట తెల్లగా వచ్చింది, తర్వాత ఊదారంగుకు తిరిగింది, తర్వాత పచ్చగా. పైకి తీస్తే కాగితం చిరగలేదు, గట్టి కాగితం. దాని మీద మనిషే లేదు. ఎక్కడో ఒక కనుబొమ్మ గీత, కొప్పు ఉన్నచోట బూడిద మరక. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అవ్వ ఊరికే అనదు. ఆరబెట్టి, మిగతా రెండు బొమ్మల మధ్య పెట్టి నాడా కట్టాను. మర్నాడు అమ్మ స్నానానికి పోయినప్పుడు ఎక్కడిది అక్కడ పెట్టేశాను. అప్పటికి చూడాల్సినవాళ్లంతా చూసేశారు, అమ్మ ఆ నాడా విప్పడం మానేసింది; అయినా అమ్మ పెట్టె దగ్గరికి పోతే చాలు, నేను బయటికి జారుకునేదాన్ని.

వానాకాలంలో మామ పెళ్లి మాట వచ్చింది. పిల్ల హెడ్మాస్టరు గారి రెండో కూతురు, ఆళ్లగడ్డ ఆసుపత్రిలో నర్సు. యూనిఫారం కుట్టించుకోవడానికి మామ దగ్గరికి పోయి, ఆ యూనిఫారం బాగానే ఉన్నా నాలుగుసార్లు సరిచేయించుకుందట. హెడ్మాస్టరుకు మామ మీద వేరే అభ్యంతరం లేదు. ఒక్కటే మాట. మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ ఆరాధనలో చదివి ప్రకటించాలి. "ఆడగుడ్డలు కట్టే మగోని పేరు నా బిడ్డ పేరు పక్కన సంఘంలో ఎట్ల చదివిస్తా? వేషం మానుకోనీ, లేదంటే పెండ్లి మానుకోనీ," అన్నాడు.

మామకు రెండూ కావాలి. పెద్దల ముందర తన మాట చెప్పుకుంటానన్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వింటామన్నారు. దొరసానమ్మ మాట ఒకటి తనవైపు ఉందని మామ ధైర్యం. అది విన్నదాన్ని నేను.

ముందు రోజు మధ్యాహ్నమే మామ నంద్యాలకు వచ్చి బొమ్మ కూడా కావాలని అమ్మను అడిగాడు. హాస్టలుకు బియ్యం బండి వచ్చిందని అమ్మ బీగంచెవి ఆయన చేతిలో పెట్టి పరిగెత్తింది. నేను నీళ్ల వంకతో బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయి, బిందె నిండినా అక్కడే కూర్చున్నాను. చీకటి పడుతుంటే ఇంక తప్పక ఇంటికొచ్చాను. మామ గడప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. పెట్టెకు బీగం వేసినట్టే ఉంది.

"బొమ్మ వద్దులే పాపా," అన్నాడు. "పెద్దోళ్లకు బొమ్మలెందుకు? నువ్వొచ్చి దొరసానమ్మ ఏం చెప్పిందో అది చెప్పు, చాలు."

పెట్టె తెరవలేదు, బతికిపోయాను అనుకున్నాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు చర్చి పక్కగది. కింద బేతంచెర్ల బండలు, వానకు చల్లబడి కాళ్లు జిల్లుమంటున్నాయి. అయ్యగారు, హెడ్మాస్టరు, ఇంకో నలుగురు పెద్దలు బెంచీల మీద. గుమ్మం దగ్గర ఆడవాళ్లు, వాళ్లలో ముందర అమ్మ, వెనక తల వంచుకుని ఆ నర్సమ్మాయి. మామ తెల్లచొక్కా వేసుకుని నిలబడి మెల్లగా చెప్పాడు. తాను తాగడు, తిరగడు, ఆరాధన మానడు. వేషం తన పని, పాపం కాదు. దొరసానమ్మ కూడా ఇట్లాంటి నాటకం చూసి, ఇది విద్య అని చెప్పింది.

హెడ్మాస్టరు మొహం మారింది. "దొరసానమ్మ నాటకం చూసిందా? ఇన్నేండ్లు ఆమె కింద పన్జేసినా, నాతో ఎప్పుడూ చెప్పలేదే!"

"మా పాపతో చెప్పింది సార్."

అందరూ నా వైపు తిరిగారు. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆయన కళ్లజోడు తీసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"దొరసానమ్మ ఆ మాట అనింటే నేను అడ్డం చెప్పనమ్మా. ఆమె కంటే నేనెక్కువా? అనిందంటే రేపటి ఆదివారమే పేర్లు చదివిస్తా. భయపడాకు, చెప్పు. చెప్పినావంటే ఆ బొమ్మ గూడ ఇప్పుడే తెప్పించి అందరం చూద్దాం."

బొమ్మ తెప్పిస్తారా! నేను గుమ్మం వైపు చూశాను. అమ్మ అప్పుడే నడుము దగ్గర చెయ్యి పెట్టి బీగంచెవి తడుముకుంటోంది. మా ఇల్లు నాలుగడుగుల దూరం. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను.

"నాతో ఏం చెప్పలేదు సార్," అన్నాను.

"ఆ బొమ్మ గురించి ఏమీ చెప్పలేదా?"

"లేదు సార్. ఊరికే ఇచ్చింది."

గదిలో ఎవరో దగ్గారు. మామ నా వైపు చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది, "అబద్ధం చెప్తాండాది" అని అరిచి ఉంటే నేను ఏడ్చి నిజం కక్కేసేదాన్నేమో. ఆయన అట్లా చెయ్యలేదు.

"పాప చిన్నది సార్. మర్చిపోయింటాది. వదిలేయండి," అన్నాడు.

"నీ పెండ్లి కోసరం దొరసానమ్మ పేరు మింద అబద్ధం చెప్తివా? దానికి పసిబిడ్డను సాక్ష్యం తెస్తివా అప్పా?" అన్నాడు హెడ్మాస్టరు. నర్సమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ బండల వైపు చూస్తూ నిలబడ్డాడు. వేషగాడన్న పేరు అప్పటికే ఉంది, అబద్ధాలకోరు అన్న పేరు మాత్రం ఆయనకు నేను పెట్టించాను.

మరుసటి ఆదివారం మామ సంఘం ముందర నిలబడి ఇంక వేషం వెయ్యనని మాట ఇచ్చాడు. ఆ పై మూడు ఆదివారాలు పేర్లు చదివారు, పెళ్లయింది. పొట్టేలు కూర, బగారన్నం వాసన కాంపౌండు దాటి రోడ్డు మీదికి కొట్టింది. నేను తినలేకపోయాను, అజీర్తి అన్నారు.

మెడ దాకా పెంచుకున్న జుట్టు మామ కత్తిరించేశాడు. వేషాల బట్టలు సెట్టి కొంటానన్నా ఇవ్వలేదు. సొంతంగా కుట్టుకున్నవి కదా, తానే విప్పదీశాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు నాకొక గౌను వచ్చింది. ఎర్రటి గుడ్డ, అంచుకు జరీ, చేతులకు కుచ్చులు. రాణి చీర అది. గోడౌనులో ఎన్నిసార్లు చూశానో, నాకు తెలియదా? అమ్మ తొడిగింది, వద్దనడానికి కారణం చెప్పలేక వేసుకున్నాను. ఆ గౌనుతోనే చర్చిలో ముందువరసలో నిలబడి పాట పాడాను. అందరూ భలే ఉందన్నారు. మామ చివరి బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

నాటకానికి సెట్టి ఎక్కడినుంచో ఒకామెను పిలిపించాడు. ఏడెనిమిదేళ్లు ఆడారు. తర్వాత ఊళ్లోకి వీడియోలు వచ్చాయి, గోడౌను సినిమాలాడించేవాళ్లకు అద్దెకు పోయింది, హార్మోనియం ఆయన సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఎవరూ వద్దనకపోయినా ఆ నాటకాలు ఎట్లాగూ పోయేవే. మామకు ఇంకో ఏడెనిమిదేళ్లు మిగిలి ఉండేవి, అంతే. ఆ ఏడెనిమిదేళ్లు నేను తీసుకున్నాను. ఇంటి కప్పు కారిన ఒక ఏడు అమ్మ పెట్టె తెరిచి, బొమ్మ చూసి, వాననీళ్లు పడ్డాయని నాయన మీద రేగింది. ఆ నేరాన్ని నేను వాన మీదే ఉండనిచ్చాను.

అత్త మంచిది. వాళ్ల కాపురం బాగానే సాగింది. అది తలుచుకుని నాకు నేను సర్దిచెప్పుకోబోతాను. కానీ ఒకసారి అత్తే అంది, "ఊరంతా ఆయన వేషం చూసింది. మా నాయనకు భయపడి నేనొక్కదాన్నే చూడలేదు," అని. ఆ పూట కూడా నేను నోరు విప్పలేదు.

విప్పింది చాలా ఆలస్యంగా, మామ పోయే ముందటి సంవత్సరం. ఆళ్లగడ్డలో ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అత్త ఆడవాళ్ల కూటానికి పోయింది. ఎన్నో ఏళ్లుగా మనసులో అప్పజెప్పుకున్న పాఠం, అయిదు నిమిషాల్లో అయిపోయింది. కొబ్బరినూనె, కుంకుడు రసం, అమ్మ భయం, అబద్ధం.

"నాకు తెలుసు పాపా," అన్నాడు మామ.

"ఏం తెలుసు?"

"బొమ్మ సంగతి. ముందురోజు మీ అమ్మ బీగంచెవి ఇచ్చి పోయింది గదా, పెట్టె తెరిచి చూసినా. కుంకుడు వాసన గూడ పోల్యా దానికి." నవ్వితే ఆయనకు దగ్గు వచ్చింది.

"మరి అమ్మకు చెప్పలేదెందుకు?"

"చెప్తే నిన్ను చంపదూ?"

నేను దాచిన విషయం ఆయనకు తెలుసు. తెలిసే, నన్ను నమ్మి పెద్దల ముందరికి తీసుకుపోయాడు.

"అయినా నన్ను సాక్ష్యానికి పిలిచినావా మామా?"

ఆయన ఎవరి మీదా కోపం లేకుండా, అదేదో మామూలు సంగతి చెప్తున్నట్టు చెప్పాడు.

"బొమ్మ పోతే పోయిందిలే, పాప ఉండాది గదా అనుకున్నా."